తబిత కొన్న దక్షిణం గుమ్మం

తబిత ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. పైన మెరిసే జరీ, అద్దాల పని, అవన్నీ తర్వాత. లోపల కుట్టు ఎలా పడింది, అంచు మడిచారా కోసి వదిలేశారా, చంక దగ్గర గుడ్డ ఎంత ఉంచారు, అదీ ఆమెకు కావలసింది. ఈ అలవాటు చిన్నప్పుడే పడింది. కొవ్వూరు అవతల పల్లెలో, వాళ్ళ పేటలో కుట్టుపని నేర్పేవాళ్ళు లేరు. మిషనరీల బడి టీచరమ్మ పాతదైపోయిందని పక్కన పడేసిన జాకెట్టు ఒకటి అడిగి తెచ్చుకుంది. బ్లేడుతో కుట్లన్నీ ఊడదీసి, ముక్కలు చాప మీద పరిచి, ఏ ముక్క దేనికి అతుకుతుందో చూసుకుని మళ్ళీ చేత్తో కుట్టింది. మొదటిసారి ఒక చెయ్యి తిరగబడింది. ఊడదీసి మళ్ళీ కుట్టింది. కుదిరింది. అప్పటినుంచి ఎవరేం చెప్పినా కుట్టు విప్పి చూస్తేగాని నమ్మని మనిషి అయింది.

"పెళ్ళిచూపుల్లో నన్నూ తిరగేసి చూసిందండి. కుట్టు గట్టిగా ఉందనుకుని సరేనంది, రంగు సంగతి వదిలేసింది" అని ఆమె భర్త చిట్టియ్య తోటి ఉద్యోగుల దగ్గర చెప్పి నవ్వేవాడు. ఆయన రాజమండ్రిలో ఒక కాలేజీలో అటెండరు. తబితకు ఎంత అనుమానమో ఆయనకు అంత నమ్మకం. రైల్లో పక్కన కూర్చున్నవాడికి సంచి అప్పజెప్పి టీ తాగడానికి దిగిపోయే రకం.

రాజమండ్రి వచ్చాక కాపురం పెట్టిన ప్రతి అద్దె ఇంట్లోనూ తబిత వీధి వైపు కిటికీ పక్కనే మిషను వేసుకుంది. ఆమె దగ్గరికి వచ్చేది కార్లలో తిరిగేవాళ్ళు కాదు. చేపల బుట్ట గుమ్మంలో దింపి కొలతలిచ్చే మరిడమ్మ, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ప్రైవేటు బళ్ళలో పంతులమ్మలు, బట్టల కొట్లలో నిలబడి అమ్మే పిల్లలు. దారిన పోతూ ఆది జాకెట్టు ఇచ్చి, దారిన వస్తూ కుట్టింది పట్టుకుపోయేవారు. ఇల్లు మారినప్పుడల్లా వీళ్ళలో సగం మంది జారిపోయేవారు. కొత్త వీధిలో మనుషులు మళ్ళీ అలవాటు పడేదాకా మిషను మీద గుడ్డ కప్పే ఉండేది.

ఇల్లు మారడం తమ సరదాకి కాదు. కొందరు ఇల్లంతా చూపించి, కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో కూడా చెప్పి, చివరికి "ఇంతకీ మీరేమిట్లండి?" అని కులం అడిగేవారు. చెప్పగానే ఎక్కడివాడో మేనల్లుడు ఊరినుంచి దిగేవాడు, ఇల్లు వాడికి కావలసి వచ్చేది. అడగకుండా ఇచ్చినవాళ్ళు ఆదివారం పొద్దున వీళ్ళు బైబిలు పట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళడం చూసేవారు. కొన్నాళ్ళకు గోడలకు సున్నం వేయించాలనో, అమ్మాయి పురిటికి వస్తోందనో చెప్పేవారు. నిజంగానే సున్నం వేయించినవాళ్ళూ ఉన్నారు. ఎవరు నిజం చెప్పారో ఎవరు చెప్పలేదో తేల్చుకునే వీలు లేకపోవడమే తబితకు ఎక్కువ కష్టంగా ఉండేది.

అందుకని ఆమెకు సొంతిల్లంటే మార్బుల్ గచ్చూ, గోడ బీరువాలూ కాదు. వీధిలోంచి ఎవరినీ అడక్కుండా నేరుగా నడిచి రాగలిగే గుమ్మం ఒకటి. ఆ గుమ్మంలోంచి తనను లెమ్మనే మనిషి ఉండకూడదు. అంతే.

రెండువేల మూడు పుష్కరాలకు ఊరు రూపు మారింది. రోడ్లు వెడల్పు చేశారు, ఘాట్లకు కొత్త మెట్లు పడ్డాయి. పుష్కరాలు వెళ్ళిపోయినా ఆ ఊపు తగ్గలేదు. కలప డిపోలూ, మూతబడిన పెంకుల ఫ్యాక్టరీ ఉన్న పేటలో అంతకుముందు రంపపు పొట్టు, మసి తప్ప ఏమీ ఉండేది కాదు. చీకటి పడితే ఆటోవాళ్ళు అటు రామనేవారు. అలాంటి చోట అపార్ట్‌మెంట్లు లేవడం మొదలైంది. ఫ్యాక్టరీ పొగగొట్టం పడగొట్టిన రోజున జనం రోడ్డు మీద నిలబడి చూశారు. ఆ జాగాలో రోడ్డు వైపు ముక్క అచ్చిబాబు అనే ఆయన కొన్నాడు. ఒకప్పుడు శ్లాబులకు సెంట్రింగ్ పని చేయించిన కాంట్రాక్టరు. మూడంతస్తులు లేపి, కూతురి పేరున 'సత్యశ్రీ టవర్స్' అని బోర్డు పెట్టాడు.

తబిత వాళ్ళు అద్దెకుంటున్న ఇంటి అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. మిగిలిన ఇంటిని కూడా యజమాని అమ్మకానికి పెట్టాడు. మళ్ళీ ఇల్లు వెతుక్కోవాలి. అప్పుడే చిట్టియ్య కాలేజీలో విన్న కబురు మోసుకొచ్చాడు. సత్యశ్రీ టవర్స్‌లో కింద ఒక ఫ్లాటు మిగిలిపోయిందట, అచ్చిబాబు మిగతావాటి కంటే బాగా తగ్గించి ఇస్తాడట, బ్యాంకు లోను కూడా ఆయనే మాట్లాడతాడట.

"అన్నీ అమ్ముడుపోయి అదొక్కటే ఎందుకు మిగిలిందండీ?" అంది తబిత.

"మనకోసం మిగిలిందేమో."

"అలా మిగలవు."

వెళ్ళి చూశారు. రోడ్డు దక్షిణాన ఉంది. ప్రహరీలో గేటు కూడా దక్షిణానే, రోడ్డు మీదికి. తూర్పు పక్కన సన్నటి సందు. గేటులోంచి నాలుగడుగులు వేస్తే ఎదురుగా కింది ఫ్లాటు గుమ్మం. ఇంటి వెనక కార్లు పెట్టుకునే చోటు, దాని పక్కన పైకి మెట్లు. తబిత ఆ గుమ్మంలో నిలబడి బయటికి చూసింది. రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ కనిపిస్తున్నాడు. ప్రతి మనిషికీ తను కనిపిస్తుంది. ఇదే తను అనుకున్న గుమ్మం. ఆ సంగతి బయటపడనివ్వలేదు. సరుకు నచ్చినట్టు మొహంలో కనపడితే బేరం పోతుంది.

తగ్గించి ఇవ్వడమెందుకని అడిగితే అచ్చిబాబు దాచలేదు. "దక్షిణం గుమ్మమమ్మా. కింద పోర్షనుకి అలా తప్ప కుదరలేదు. మావాళ్ళు ఒక్కరూ ముందుకు రావట్లేదు. మీకు దిక్కులూ అవీ పట్టింపు ఉండదు కదండీ" అన్నాడు.

ఆ 'మీకు' అన్న మాట తబితకు ఎక్కడో గుచ్చుకుంది. కాని మాట అబద్ధం కాదు. ఇంటికి వచ్చాక చిట్టియ్య నవ్వాడు. దక్షిణం నుంచి యముడొస్తాడని వాళ్ళ భయమని, మన దగ్గరికి ఎటునుంచి వచ్చినా ముందు జాకెట్టు కొలతలిచ్చి కూర్చోవలసిందేనని అన్నాడు. దిక్కులన్నీ దేవుడే చేశాడని పాస్టరుగారు కూడా అన్నారని గుర్తుచేశాడు. తబిత నవ్వలేదు. దక్షిణం గుమ్మమనేది పైకి చెప్పే కారణమని ఆమె అనుమానం. అసలు కారణం ఆ మాట వెనక ఎక్కడో ఉంటుంది. లోపలి కుట్టు చూడాలి.

ఆ రోజునుంచి సత్యశ్రీ టవర్స్ పనివాళ్ళకు తబిత ఒక పరీక్ష అయిపోయింది. మధ్యాహ్నం మిషను ఆపి, టిఫిన్ బాక్సు పట్టుకుని అక్కడికి వచ్చేది. ఇటుకల గుట్టలోంచి ఒకటి తీసి మరొకదానితో కొట్టి మోత వినేది. గోడలకు నీళ్ళు కొడుతున్నారా, మధ్యలో మానేశారా అని చెయ్యి పెట్టి తడి చూసేది. కత్తెర మొనతో ప్లాస్టరింగు గీకేది. స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు గుమ్మరించి, అవి తూము వైపు పోతున్నాయా గుమ్మం వైపు వస్తున్నాయా అని గొంతుకూర్చుని చూసేది. వస్తే మేస్త్రీని పిలిచి చూపించేది. మేస్త్రీ గచ్చు తవ్వి మళ్ళీ వాలు పెట్టాడు. "ఇంజినీరుగారు కూడా ఇన్నిసార్లు రారండి" అని విసుక్కున్నాడు గాని, తర్వాత తనే పిలిచి చూపించడం మొదలుపెట్టాడు. పని తెలిసినవాడికి పని చూసేవాళ్ళంటే లోపల ఇష్టమే.

నేల మీద కూడా అనుమానం వచ్చింది. పెంకుల కోసం మట్టి తవ్విన గోతులు పూడ్చి కట్టారేమో. ఆ ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పనిచేసిన ముసలయ్య ఇప్పుడు పక్క కలప డిపోకి కాపలా ఉంటున్నాడు. ఆయన్ని తీసుకొచ్చి చూపించమంది. మట్టి గోతులు ఉత్తరాన ఎక్కడో, ఇప్పుడు లారీలు ఆగే చోట ఉండేవని, ఈ ఇల్లున్నచోట కొలిమి ఉండేదని చెప్పాడాయన. ఏళ్ళ తరబడి కాలి నేల రాయిలా అయిందట. పునాదులు తవ్వినప్పుడు గునపాలు వంగాయని నవ్వాడు.

కాగితాలు ప్లీడరుకు చూపించింది. ఆయన బాగున్నాయన్నాడు. ఆ ప్లీడరుకూ అచ్చిబాబుకూ ఏదైనా చుట్టరికం ఉందేమోనని, ఊరవతలి మరో ప్లీడరుకు చూపించింది. ఆయనా బాగున్నాయన్నాడు. చిట్టియ్య తృప్తిగా నిట్టూర్చాడు. తబితకు మాత్రం అనుమానం పెరిగింది. ఇటుక మంచిది, నేల గట్టిది, కాగితం శుభ్రమైనది. ఇన్ని బాగుంటే ఒక్క దిక్కు కోసమే ఎవడైనా ఇంత తగ్గిస్తాడా?

చివరికి ఏమీ దొరకలేదు. అడ్వాన్సు ఇచ్చేశారు. లోను మంజూరైంది. రిజిస్ట్రేషను వచ్చే సోమవారానికి కుదిరింది. తబిత మరిడమ్మకూ, పంతులమ్మలకూ కొత్త చోటు చెప్పేసింది. పెంకుల ఫ్యాక్టరీ రోడ్డులో మొదటి గేటు, గేటులోంచి చూస్తే మిషను కనిపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ గురువారం మధ్యాహ్నం వెళ్ళేసరికి గేటు లేదు.

ఇనప గేటు ఊడదీసి సందులో గోడకు ఆనించి ఉంది. గేటు ఉన్నచోట ఇద్దరు తాపీ పనివాళ్ళు ఇటుకలు పేరుస్తున్నారు. అప్పటికే నడుం దాకా వచ్చింది. తూర్పు ప్రహరీలో మాత్రం కొత్తగా కన్నం కొట్టారు, సందులోకి. తబిత సందులోంచి తిరిగి, కార్లు పెట్టే చోటు మీదుగా, ఇంటి పక్కనుంచి వచ్చి తన గుమ్మంలో నిలబడింది. ఎదురుగా గోడ. ఆ గోడ మనిషెత్తు లేస్తే రోడ్డు కనిపించదు, రోడ్డుకు తను కనిపించదు. రేపు మరిడమ్మ రావాలంటే సందులో కొత్త గేటు వెతుక్కోవాలి. వాచ్‌మన్ "ఎవరు కావాలి?" అని అడుగుతాడు. చేపల బుట్టతో ఉన్న మనిషిని కార్ల మధ్యనుంచి రానిస్తాడా? వాళ్ళు అలా అడిగించుకుని లోపలికి వచ్చే మనుషులు కాదు. ఒకసారి వెనక్కి తిరిగితే మళ్ళీ రారు.

అచ్చిబాబు సిమెంటు బస్తాల గదిలో ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. ఆ లేవడంలోనే తబితకు సగం తెలిసింది.

పైన రెండు ఫ్లాట్లు తీసుకున్న జగన్నాథరావు గారని, రావులపాలెం అవతల అరటితోటల ఆసామి, ఆయన వాస్తు చూసేవాడిని తీసుకొచ్చాడట. దక్షిణం గేటు మొత్తం బిల్డింగుకే దోషమని, తూర్పుకు మార్చకపోతే మిగతా సొమ్ము కట్టనని అన్నాడట. ఆయన అనగానే మిగతావాళ్ళు కూడా అదే పాట అందుకున్నారట. అచ్చిబాబు చేతులు రెండూ చూపించాడు.

"నాకు ఇవాళ పొద్దున్నే తెలిసిందమ్మా. అన్నవరం సత్యనారాయణస్వామి తోడు."

"మీ దేవుడి మీద ఒట్లు నాకెందుకండీ? బోర్డు మీద అమ్మాయి పేరు పెట్టుకున్నారు కదా, ఆ పేరు చెప్పి అనండి."

అచ్చిబాబు బోర్డు వైపు చూశాడు. తర్వాత చేతిలో సెల్‌ఫోను అటూ ఇటూ తిప్పాడు. "పదిరోజులైందండి" అన్నాడు. "మీ రిజిస్ట్రేషను అయిపోయాక చెబుదామనుకున్నాను."

కావాలంటే అడ్వాన్సు వెనక్కి ఇస్తానన్నాడు. ఆ ఫ్లాటు ఇంకొకరు కొన్నాకే ఇవ్వగలనని కూడా అన్నాడు. ఎవరూ కొనరని ఇద్దరికీ తెలుసు.

తబిత ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది గాని తొక్కలేదు. ఇటుక మోత విన్నది తను. బకెట్టు నీళ్ళు గుమ్మరించింది తను. ఇద్దరు ప్లీడర్లకు కాగితాలు చూపించింది తను. తనకు నమ్మకం లేదు కాబట్టి ఆ దిక్కుల సంగతి తనకు తగలదనుకుంది. నమ్మకం ఉన్నవాళ్ళు తన గుమ్మం ముందు గోడ కట్టగలరన్న సంగతి మాత్రం తట్టలేదు. అచ్చిబాబు మొదటి రోజే నిజం చెప్పాడు. అది నిజమని నమ్మకపోవడమే తను చేసిన తప్పు.

ఇంకో ఇల్లు చూద్దామన్నాడు చిట్టియ్య. ఆయన గొంతులో మొదటిసారి నవ్వు లేదు. తబిత తల అడ్డంగా ఊపింది. ఇంకో ఇల్లంటే మళ్ళీ 'మీరేమిట్లండి' అన్న ఆ ప్రశ్నే. మర్నాడు జగన్నాథరావు వాళ్ళు పాలరాయి చూసుకోవడానికి వస్తారని మేస్త్రీ దగ్గర విని, ఒక్కతే వెళ్ళింది.

పైఅంతస్తులో భార్యాభర్తలిద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. జగన్నాథరావు తెల్ల పంచె, లాల్చీ. భార్య అచ్చాయమ్మ ఒళ్ళో చక్కెరకేళి అరటిపళ్ళు. తబిత కింది ఫ్లాటు కొంటున్నది తనేనని చెప్పుకోగానే ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఆవిడ రెండు పళ్ళు తీసి చేతిలో పెట్టింది. తబిత పళ్ళు పట్టుకుంది గాని ఒలవలేదు. ఇంత మర్యాద చేసేవాళ్ళు లోపల ఏం దాచారో అనుకుంది. ఎంత చూసినా ఆ మొహాల్లో దాచుకున్నదేమీ కనపడలేదు. తను ఏమిట్లని కూడా వాళ్ళు అడగలేదు. బహుశా అడగక్కర్లేకుండానే తెలిసి ఉంటుంది.

"మీ గేటు సంగతికి అడ్డు రాను బాబుగారూ. అది మీ నమ్మకం" అంది తబిత. "ఒక్కటే అడుగుతాను. ఆ దోషం గేటుకా, నా గుమ్మానికా?"

"ఆయ్, గుమ్మానికీ ఉందంటారమ్మా. కాని అది మీ ఇల్లు కదండీ. మా మీదికి వచ్చేది గేటే."

"అలాగైతే నా గుమ్మం ఎదురుగా, నా ఇంటి మేరకు ప్రహరీ తెరిపించుకుంటాను. నా దోషం నేను పడతాను. నాకు దిక్కుల పట్టింపు లేదని అచ్చిబాబుగారే అన్నారు."

జగన్నాథరావు ఇబ్బందిగా కదిలాడు. ఒకటే ప్రహరీ అయినప్పుడు ఎక్కడ తెరిచినా తెరిచినట్టే కదా అన్నాడు. కాని మనిషి న్యాయమైనవాడు. సెల్‌ఫోను తీసి, సిగ్నలు కోసం బాల్కనీలోకి వెళ్ళి, వాస్తు ఆయనతో పేటంతా వినపడేలా మాట్లాడాడు. తిరిగి వచ్చి చెప్పాడు. మధ్యలో గోడ పడితే అది వేరే జాగా కింద లెక్కట. వేరే జాగాకు వేరే దారి ఉండొచ్చట. గోడ ఎత్తు మోకాలి దాకా ఉన్నా చాలట గాని, ఈ చివరినుంచి ఆ చివరికి తెగకుండా ఉండాలట.

"అంటే ఈ అమ్మాయి డాబా మీద బట్టలారేసుకోవాలన్నా రోడ్డు చుట్టి రావాలాండీ?" అంది అచ్చాయమ్మ.

ఆయన మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళి అడిగొచ్చాడు. గోడ తెగకూడదు గాని మనుషులు దాటితే ఏం ఫరవాలేదట.

తబిత కిందికి దిగింది. తనకు కావలసింది దొరికింది. అయినా మెట్లు దిగుతున్నంతసేపూ ఏదో వెనక్కి లాగుతూనే ఉంది. పల్లెలో వాళ్ళ పేటకూ ఊరికీ మధ్య పంటకాలవ ఉండేది. దాటడానికి తాటిదుంగ ఉండేది, దాటితే ఎవరూ ఏమీ అనేవారు కాదు. అవతలివాళ్ళు మాత్రం ఇటు దాటేవారు కాదు. ఇప్పుడు తన సంతకం పెట్టి, లోను తెచ్చి, తన ఇంటి చుట్టూ తనే గోడ కట్టించుకుంటోంది. వాస్తు ఆయన నిజంగా వాస్తే చెప్పాడా? ఎవరు కొన్నారో తెలియకపోయి ఉంటే ఇంత తేలిగ్గా 'వేరే జాగా' అన్న మాట వచ్చేదా? అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పినా నమ్మే దారి లేదు.

చిట్టియ్య ఆ మాట పైకే అన్నాడు. "మనల్ని అవతల పెట్టి గోడ కట్టుకున్నట్టుంది తబితా."

"అవునండీ. కాని గోడకు ఇటువైపు రోడ్డుంది" అంది తబిత.

అచ్చిబాబు ముందు బెట్టు చేశాడు. ప్లాన్‌లో లేని గోడ ఎలా కడతానన్నాడు. గేటు తూర్పుకు మార్చడం ప్లాన్‌లో ఉందా అని ఆమె అడిగితే ఒక మెట్టు దిగాడు. సోమవారం రిజిస్ట్రేషను కానిచ్చేస్తే ఆ వారంలో ప్రహరీ తెరిపించి, గోడ కట్టిస్తానన్నాడు.

"ముందు గోడండీ. తర్వాత సంతకం."

"నా మీద ఆమాత్రం నమ్మకం లేదామ్మా?"

"నమ్మకం ఉందండి. గోడ కూడా ఉండాలి."

ఆ శనివారం తబిత మిషను ముట్టుకోలేదు. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. కొత్తగా కట్టిన ఇటుకలు మేస్త్రీ మళ్ళీ తనే తీయించాడు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి, తేలిగ్గానే వచ్చాయి. గుమ్మానికి ఎదురుగా మూడడుగుల దారి వదిలి మిగతా ప్రహరీ మూశారు. ఆ ఇటుకలతోనే ఇంటి రెండు పక్కలా, ఇంటి గోడనుంచి ప్రహరీ దాకా మోకాలెత్తు అడ్డుగోడ పేర్చారు. మేస్త్రీ తాడు కట్టి, తూకం గుండు వేలాడదీసి, ఎంతో శ్రద్ధగా కట్టాడు. దాటే గోడకు ఇంత నున్నగా ఎందుకని ఒక కూలీ అంటే, పొద్దస్తమానం ఆవిడ చూస్తూ ఉండాల్సిన గోడ అన్నాడు. కుళాయి గొట్టం గోడ కిందనుంచి తెప్పించుకుంది తబిత. బోరు నీళ్ళలోనూ, డాబాలోనూ, నేలలోనూ తన వాటా అలాగే ఉంటుందని దస్తావేజులో రాయించి, ఊరవతలి ప్లీడరుతో చదివించుకుంది. అప్పుడు సంతకం పెట్టింది.

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మేస్త్రీ కూడా వచ్చి గోడ మీద కూర్చుని కేకు తిన్నాడు.

మొదటి వారాల్లో మిషను చప్పుడు విని రోడ్డున పోయేవాళ్ళు తలతిప్పి చూసేవారు. పాతవాళ్ళు ఒక్కొక్కరే ఇటు దారి పట్టారు. దసరా దగ్గరపడేసరికి గుమ్మం ముందు బల్ల వేయవలసి వచ్చింది. పైఅంతస్తుల వాళ్ళలో మాత్రం ఎవరూ రాలేదు. కార్ల దగ్గర కనపడితే పలకరించేవారు. గోడకు అవతలనుంచే.

ఒక పొద్దున అచ్చాయమ్మ వచ్చింది. తబిత కిటికీలోంచి ముందే చూసింది. ఆవిడ మెట్లు దిగి, కార్ల పక్కనుంచి అడ్డుగోడ దాకా వచ్చి ఆగింది. గోడను చూసింది. వెనక్కి తిరిగింది. వెళ్ళిపోయిందనుకుంది తబిత. కాసేపటికి తూర్పు గేటులోంచి సందులోకి, సందులోంచి రోడ్డు మీదికి వచ్చి, దక్షిణం దారిలోంచి గుమ్మం ముందు నిలబడింది. చేతిలో కొత్త పట్టు జాకెట్టు గుడ్డ, ఆది జాకెట్టు.

"అంత చుట్టు తిరిగి వచ్చారేంటండీ? గోడ దాటితే సరిపోయేది కదా. దాటొచ్చని వాస్తు ఆయన చెప్పారు కూడానూ" అంది తబిత.

"మోకాళ్ళు సహకరించట్లేదమ్మా."

మోకాళ్ళు సహకరించని మనిషి పైఅంతస్తునుంచి అన్ని మెట్లు దిగి వచ్చింది. దిగడం వేరు, గోడ మీద కాలెత్తి దాటడం వేరేమో. వయసు అలాంటిదే కావచ్చు. కాకపోవచ్చు. తబిత ఆవిడ మొహంలోకి చూసింది. కొత్త మనిషి ఇంటికి వచ్చినప్పుడు ఉండే బెరుకు తప్ప అక్కడ ఏమీ దొరకలేదు.

బల్ల మీద అప్పటికే మరిడమ్మ కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర చేపల బుట్ట. కూతురి పెళ్ళి జాకెట్లకు కొలతలివ్వడానికి పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. అచ్చాయమ్మను చూసి లేవబోయింది.

"కూర్చో మరిడమ్మా. నువ్వు ముందొచ్చావు" అంది తబిత. తర్వాత అచ్చాయమ్మ వైపు తిరిగి, "మరిడమ్మది అయ్యాక మీది చూస్తానండి. బల్ల మీద కూర్చోండి" అంది.

అచ్చాయమ్మ బల్లను చూసింది, బుట్టను చూసింది. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాక్కుని మరిడమ్మ పక్కన కూర్చుంది. లాక్కున్నది బుట్టలోంచి కారుతున్న నీళ్ళ వల్లో మరో కారణం వల్లో తబిత ఎంత చూసినా తేల్చుకోలేకపోయింది. మెడలోని టేపు తీసి, పెళ్ళికూతుర్ని చేతులు చాపమంది.